నాలుగు నిమిషాల పది సెకన్లు

రేడియో స్టేషన్లో కూర్చుని తన గిటార్‌ని తానే వినాలని రాయ్స్ ఎంబ్రీ చిన్నపిల్లాడిలా ముచ్చటపడ్డాడు. ఆ ముచ్చట పావు నిమిషం కూడా నిలవలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నర. బౌలింగ్ గ్రీన్‌లోని ఆ స్టేషన్లో మైకు ముందు క్లే మెరిట్, ఎదురు కుర్చీలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని రాయ్స్. క్లే మెరిట్ ఇరవై ఏళ్ళుగా ఆ ఊరిని నిద్ర లేపుతున్న గొంతు. మనిషి మాత్రం పొట్టిగా, బొద్దుగా, చొక్కా మీద డోనట్ పొడితో ఉన్నాడు.

"మన కెంటకీ బిడ్డ, మన గుండెల్లో పాడుకునే రాయ్స్ ఎంబ్రీ ఇవాళ మన మధ్యే ఉన్నాడండోయ్! కొత్త ఆల్బమ్‌లోంచి 'గ్రీన్ రివర్ మలుపు', ఇదిగో!" అని మీట నొక్కాడు.

గిటార్ మొదలైంది. బొటనవేలు మంద్ర తీగల మీద నడక అందుకుంది. మొదటి వరస వచ్చింది. రాయ్స్ కళ్ళు మూసుకున్నాడు.

"బయట చలి మొదలైంది, సాయంత్రానికి జల్లు పడొచ్చు," అన్నాడు క్లే.

రాయ్స్ కళ్ళు తెరిచాడు.

క్లే ఆగలేదు. చూపు గడియారం మీద పెట్టి, వేలితో బల్ల మీద తాళం వేస్తూ చెప్పుకుపోతున్నాడు. బైపాస్ రోడ్డులో మూడు టైర్లు కొంటే నాలుగోది ఉచితం. శుక్రవారం హైస్కూలు ఫుట్‌బాల్. బాప్టిస్టు చర్చిలో చేపల వేపుడు విందు, పళ్ళు లేని ముసలాళ్ళు కూడా రావచ్చు, ముళ్ళు తీసే వడ్డిస్తారు. ఎవరిదో గోధుమరంగు కుక్క తప్పిపోయింది, పేరు బిస్కెట్. కుక్క అయిపోయాక మళ్ళీ టైర్లు. అవతల గిటార్ మలుపు తిరిగింది, ఆగింది, మళ్ళీ మొదటి వరసకొచ్చింది. ఆ వరస కోసం రాయ్స్ ఒక చలికాలమంతా నేలమాళిగలో కూర్చుని వేళ్ళు అరగదీసుకున్నాడు. దాని మీద బిస్కెట్ మెడపట్టీ రంగు ఏమిటో జిల్లా అంతటికీ తెలిసింది.

చివరి తీగ మోగి ఆగిన క్షణానే క్లే మాట కూడా ఆగింది. రెండు చేతులూ పైకెత్తి, గెలిచినవాడిలా నవ్వాడు.

"చూశారా రాయ్స్ గారూ! సెకను తేడా రాలేదు! నా సర్వీసులో ఇంత పొడుగు ముందు వాయిద్యం మీద ఎవ్వడూ మాట్లాడి ఉండడు!" అన్నాడు. అని, పాట కోసం చెవి రిక్కించాడు. హెడ్‌ఫోన్లలో నిశ్శబ్దం. రేడియోలో నిశ్శబ్దమంటే పెళ్ళిలో తుమ్మినట్టే. క్లే ముఖం పాలిపోయింది. గబగబా ఏదో ప్రకటన వేసి, మైకు కట్టేసి, "సార్... పాటేదండీ?" అన్నాడు.

"అదే పాట. అందులో పాడటం లేదు."

"మరి దీనిమీద ఇలా రాశారేంటి?" అంటూ సీడీ డబ్బా తిప్పి చూపించాడు.

ఆ వృత్తిలో వాళ్ళకో రివాజు ఉంది. పాటకు ముందు వచ్చే వాయిద్యం మీద వ్యాఖ్యాత మాట్లాడతాడు. గాయకుడు నోరు తెరవడానికి రెప్పపాటు ముందు ఆపేస్తాడు. గొంతు మీద గొంతు పడిందా, తోటివాళ్ళలో తలెత్తుకోలేడు. అందుకని ప్రతి రికార్డు మీదా గొంతు ఎన్నో సెకనులో వస్తుందో కంపెనీవాళ్ళు అంకె వేసి పంపుతారు. ఈ డబ్బా మీద కూడా వేశారు. గొంతే లేని వాయిద్యానికి ఏ అంకె వేయాలో తెలియక, ఏ గుమాస్తాయో మొత్తం నిడివినే వేసి పారేశాడు. 'గొంతుకు ముందు: నాలుగు నిమిషాల పది సెకన్లు.'

"నా తప్పు లేదు సార్," అన్నాడు క్లే, ఏడుపు ముఖంతో.

"లేదులే," అన్నాడు రాయ్స్. అతని మీద కోప్పడటానికి కూడా మనసు రాలేదు.

పార్కింగులో ట్రక్కులో కూర్చుని నాష్‌విల్‌లో ఉన్న మేనేజరు ప్రూయిట్‌కు ఫోను చేశాడు. సంగతి విని ప్రూయిట్ పగలబడి నవ్వాడు.

"నవ్వకు. ఎన్ని స్టేషన్లకు వెళ్ళాయవి?"

"నూటా అరవై. పోనీలే రాయ్స్, వేస్తున్నారు కదా! అందరూ ఇష్టంగా వేస్తున్నారట. ఎందుకా అనుకున్నాను. వాళ్ళకి మాట్లాడుకోడానికి భలే వీలుగా ఉందన్నమాట!"

"కొత్తవి పంపించు. అంకె సరిచేసి."

"ఎవరు పంపిస్తారయ్యా? పదమూడింట్లో రెండే పాడావు, ఆ రెండూ నేను కాళ్ళావేళ్ళా పడితే పాడావు. కంపెనీవాళ్ళు ఇప్పటికే నా ముఖం చూడటం లేదు. నా మాట విను. వచ్చే ఏడు చక్కగా నోరు తెరిచి ఒక ఆల్బమ్ పాడు. జనం దీన్ని మర్చిపోతారు."

మర్చిపోతారట. ఓదార్పు అంటే ఇలా ఉండాలి. రాయ్స్ ఫోను పెట్టేసి, బండి తాళం తిప్పకుండా అలాగే కూర్చున్నాడు. అతనికి బంగారు రికార్డులు గోడ నిండా ఉన్నాయి. ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఎవరైనా, ఒక్కరంటే ఒక్కరు, మధ్యలో నోరు విప్పకుండా తన గిటార్ చివరిదాకా విని, వీడు వాయించగలడు అనాలి. ఆ ఒక్కరూ ఎవరో కూడా అతనికి తెలుసు. ఆరు వారాల కిందట ఆయనకు సీడీ పోస్టులో పంపాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మంగళవారం ఓవెన్స్‌బరోలో ఒక పెద్ద దుకాణంలో సంతకాల కార్యక్రమం. ఒకప్పుడు ఇలాంటిచోట వరస భవనం చుట్టూ తిరిగేది. ఆవేళ నలభై మంది వచ్చారు. అందులో సగం మంది పాత రికార్డులు చంకన పెట్టుకొచ్చారు, వాటి అట్టల మీద రాయ్స్ పక్కనే, ఒకప్పుడు అతనితో జంటగా పాడిన జోనెల్ నవ్వుతోంది. ఇద్దరి ముఖాల మధ్య జాగా చూసుకుని సంతకం చేశాడు.

"గొంతుకి ఆపరేషన్ అయిందటగా బాబూ?" అంది నీలం కోటు వేసుకున్న ఒక పెద్దావిడ, జాలిగా.

"లేదమ్మా, బాగానే ఉంది."

"మరి పాడలేదేం?"

"వాయించాలనిపించింది."

"ఆహా," అంది ఆవిడ, పిల్లవాడు మట్టితో చేసిన ఏనుగును చూసినట్టు. "మాకు నచ్చిందిలే. అన్నాలప్పుడు టీవీ కట్టేసి అదే పెడుతున్నాం. మధ్యలో మాటలు అడ్డం రావు కదా, ఎంతసేపైనా కబుర్లు చెప్పుకోవచ్చు."

ఆవిడ వెనకున్న టోపీ మనిషి ముందుకు వంగి, "జోనెల్ ఎలా ఉంది? మళ్ళీ కలిసి పాడరా?" అన్నాడు.

"బాగుంది. ఫ్లోరిడాలో ఉంటోంది. పెళ్ళి చేసుకుంది," అన్నాడు రాయ్స్. టోపీ మనిషి తనే తప్పు చేసినట్టు తల దించుకుని, కొత్త సీడీ కొనకుండా వెళ్ళిపోయాడు.

కార్యక్రమం అయ్యాక దుకాణం కుర్రది బల్ల మీద మిగిలిన సీడీలను పెట్టెలో సర్దింది. ఆ పిల్ల వాటిని పాటల అరలో పెట్టలేదు. వానచప్పుడు, సముద్రపు హోరు, నిద్రపట్టడానికి పనికొచ్చే చప్పుళ్ళు ఉన్న అరలో పెట్టింది. రాయ్స్ చూశాడు. బయటికొచ్చి పొగలో కాల్చిన గొర్రె మాంసం శాండ్‌విచ్ కొనుక్కుని, ట్రక్కులో ఒక్కడే కూర్చుని తిన్నాడు. ఉల్లిపాయ, ఊరగాయ దోసకాయ, అన్నీ ఉన్నాయి. రుచి మాత్రం తెలియలేదు. పక్క సీటు మీద ఉన్న స్థానిక పత్రిక 'పాటలు ఇంట్లో మర్చిపోయి వచ్చిన పాటగాడు' అని రాసింది. నిజంగా చాలా ఒంటరిగా అనిపించింది అతనికి. అలా అనిపించిందని చెప్పుకోడానికి ఒక్క ఫోను నంబరు కూడా తోచలేదు.

బుధవారం మధ్యాహ్నానికి సొంత ఊరు చేరాడు. ఊరంటే ఏముంది, బొగ్గుకోసం తవ్వి వదిలేసిన దిబ్బలు, వాటి మీద మొలిచిన పిచ్చి చెట్లు, ఒక పెట్రోలు బంకు. ఓర్విల్ టిచెనార్ ఇంటి ముందు ఒక పాత పికప్పు ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు పోతూ వస్తూ ఉంది. చక్రాల కింద నల్ల వాల్‌నట్ కాయలు పటపట చితుకుతున్నాయి. పచ్చి తొక్క వదలడానికి అక్కడ అందరూ చేసే పనే అది. ఎనభై మూడేళ్ళ ఓర్విల్ రాయ్స్‌ని చూసి కూడా ఇంకో రెండుసార్లు ముందుకూ వెనక్కీ తోలి, అప్పుడు దిగాడు.

"ఏరా రాయ్సూ, వంగు. ఆ తొక్కలు పక్కకి తియ్యి. తొడుగులు వేసుకో, లేకపోతే పండగదాకా చేతులు నల్లగా ఉంటాయి. నీవి ఫొటోల్లో పడే చేతులు."

"ఫర్లేదు బాబాయ్," అని రాయ్స్ ఉత్త చేతులతోనే వంగాడు. ఇద్దరూ చాలాసేపు తొక్కలు తీశారు. బొగ్గుగనిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఓర్విల్ కుడిచేతి రెండు వేళ్ళు మధ్యకు తెగి ఉంటాయి. మిగిలిన మూడింటితోనే ఆయన ఆ జిల్లాలో గిటార్ పట్టిన ప్రతివాడికీ బొటనవేలి నడక నేర్పాడు. రాయ్స్‌కి కూడా ఆయనే నేర్పాడు.

ఎంతకీ ఆయన ఆ మాట ఎత్తకపోయేసరికి రాయ్సే ఎత్తాడు. "సీడీ అందిందా బాబాయ్?"

"అందింది. దాన్ని తిప్పే యంత్రం మా ఇంట్లో లేదు. అలమరలో పెట్టాను."

"రేడియోలో కూడా వినలేదా?"

"విన్నాను. టైర్ల ధర బాగానే తగ్గించాడు."

రాయ్స్‌కి తల కొట్టేసినట్టయింది. "అది నా తప్పు కాదు బాబాయ్! ఆ డబ్బామీద అంకె తప్పు వేశారు. నేనసలు..."

"నేనేమన్నానిప్పుడు? విన్నావా అన్నావు, విన్నానన్నాను."

"గిటార్ బండిలోనే ఉంది. ఇక్కడే వాయిస్తాను. నాలుగు నిమిషాలు."

"ఇక్కడొద్దు. రేపు గురువారం కదా. పొద్దున పదింటికి ఫైర్‌హాలుకి రా. అందరి ముందూ వాయించు." ఓర్విల్ ఒక కాయ ఎత్తి గోరుతో నొక్కి చూశాడు. "నీ గిటార్ తేకు. అక్కడొకటే గిటార్, తెలుసుగా."

"అక్కడ పాటగాళ్ళకు కుర్చీ లేదన్నావు, నన్ను పంపించేసిన రోజున."

"ఇప్పటికీ లేదు. నువ్వు పాడటం మానేశావటగా. చూద్దాం."

ఆ రాత్రి మోటెల్లో రాయ్స్ చేతులు ఎంత రుద్దినా నలుపు పోలేదు.

పాత ఫైర్‌హాలులో ఇప్పుడు ఫైరింజను లేదు. కిరోసిన్ పొయ్యి, కాఫీ మరుగుతున్న కెటిలు, గుండ్రంగా వేసిన తొమ్మిది ఇనప కుర్చీలు ఉన్నాయి. కుర్చీల్లో రిటైరైన గనిపనివాళ్ళు, ఒక మంగలి, ఒక స్కూలుబస్సు డ్రైవరు. వీళ్ళు ప్రతి గురువారం కలుస్తారు. ఒకే గిటార్ చేతులు మారుతుంది. ఒకడు ఒక్కటే వాయిస్తాడు. ఎవడూ పాడడు, ఎవడూ చప్పట్లు కొట్టడు. బాగుందనిగానీ బాగాలేదనిగానీ అనరు. అలా అనడం అక్కడ మొరటుతనం. వాయించింది సరిగా ఉంటే పక్కవాడు గిటార్ అందుకుని వేరే పాట ఎత్తుకుంటాడు. సరిగా లేకపోతే అదే పాటను మళ్ళీ వాయిస్తాడు. తీర్పు అంతే. ఆ తీర్పు పడ్డవాడు మళ్ళీ గురువారం దాకా అన్నం సరిగా తినడు.

రాయ్స్‌కి ఎనిమిదో కుర్చీ చూపించారు. తొమ్మిదోది ఓర్విల్‌ది. ఎవరూ లేచి చేయి కలపలేదు, ఫొటో అడగలేదు. మంగలి హోబర్ట్ మాత్రం, "జుట్టెవరు కత్తిరించారు?" అని అడిగి, "నాష్‌విల్లో," అని వినగానే జాలిగా నాలుక చప్పరించాడు.

గిటార్ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. బస్సు డ్రైవరు ఏదో తడబడితే మంగలి అదే మళ్ళీ వాయించాడు. డ్రైవరు మెడ ఎర్రబడింది. తర్వాత రాయ్స్ ఒళ్ళోకి వచ్చింది. వెనక భాగం చెమటకు నునుపెక్కి, ఏడుగురి వేడితో వెచ్చగా ఉంది. బొటనవేలికి ప్లాస్టిక్ గోరు తొడుక్కున్నాడు. వేల మంది ముందు నిలబడినప్పుడు ఎండని నోరు ఇప్పుడు ఎండిపోయింది.

'గ్రీన్ రివర్ మలుపు' మొదలుపెట్టాడు. ఎవరూ మాట్లాడలేదు. కెటిలు ఈల వేయబోతే ఎవరో దాన్ని పొయ్యి మీంచి దించారు. మొదటి వరస, రెండో వరస, మలుపు, మళ్ళీ మొదటి వరస. ఒక్క తీగ కూడా తప్పు పలకలేదు. రికార్డులో కంటే బాగా వచ్చింది, ఆ సంగతి వాయిస్తున్న అతనికే తెలుస్తోంది. ఆఖరి తీగ మోగి అణిగేదాకా ఎనిమిది మందీ కదలకుండా విన్నారు. ఇన్నాళ్ళూ అతను కోరుకున్నది అదే. గుండె నిండిపోయి, గిటార్ పక్కకి అందించాడు.

ఓర్విల్ దాన్ని ఒళ్ళో సర్దుకున్నాడు. కాస్త ఆగాడు. మూడు వేళ్ళతో 'గ్రీన్ రివర్ మలుపు' మొదలుపెట్టాడు.

రాయ్స్ నెత్తిన పిడుగు పడింది. మిగతావాళ్ళు మర్యాదగా నేల చూపులు చూశారు. డ్రైవరు ముఖంలో మాత్రం, పాపం, కాస్త తెరిపి కనిపించింది.

ఓర్విల్ ఒక్కసారి విన్నదాన్ని ఉన్నదున్నట్టు వాయించాడు. రెండో వరస చివర బొటనవేలు ఒక్కటే నడుస్తూ, పైతీగలు ఆగిపోయేచోట తనూ ఆగాడు. అక్కడ పూర్తిగా చేయి తీసేశాడు.

"ఇక్కడెవరు పాడాలి?"

"ఎవరూ పాడరు బాబాయ్. ఇది వాయిద్యం."

"మరెందుకు ఆగావు?"

"అలా... బాగుంటుందని."

"రెండు వరసలకోసారి ఆగావు. మొత్తం పదకొండుసార్లు. ఏం హోబర్ట్?"

"పన్నెండు," అన్నాడు మంగలి.

"వేళ్ళలో తప్పులేదురా. బొటనవేలు గుర్రంలా నడిచింది, నేను నేర్పినదానికంటే బాగా నడిచింది. కానీ ఎవరికోసమో ఆగుతున్నావు. ఆగినచోట ఎవడో ఒకడు మాట్లాడకుండా ఎలా ఉంటాడు? వీధి తలుపు బార్లా తీసిపెట్టి, కుక్క లోపలికొచ్చిందని ఏడిస్తే ఎలా?"

ఎవరూ నవ్వలేదు. ఓర్విల్ గొంతు తగ్గించాడు.

"ఆ ఆగేది నీ ఊపిరి కాదు. నీది కురచ ఊపిరి, నీకు పదేళ్ళు ఉన్నప్పటినుంచీ నాకు తెలుసు. ఇంత పొడుగు ఊపిరి తీసుకుని పాట అందుకునేది ఆ పిల్ల. జోనెల్."

రాయ్స్ ఏదో అనబోయాడు. తను పాట మాని గిటార్ పట్టిందే ఆమె పాటలు మర్చిపోవడానికని, ఈ వరసలు ఆమె వెళ్ళిపోయాకే పుట్టాయని, ఆమెకూ వీటికీ ఏ సంబంధమూ లేదని చెప్పాలనుకున్నాడు. చెప్పబోతూ మనసులో ఒక్కో వాయిద్యాన్నీ తడుముకున్నాడు. రెండోదాంట్లో ఉంది. అయిదోదాంట్లో ఉంది. పదకొండింట్లోనూ ఉంది, ప్రతి రెండు వరసల చివరా, సరిగ్గా ఒక ఆడమనిషి ఊపిరి తీసుకునేంత జాగా. ఆ జాగాతోనే అచ్చయి, దుకాణాల్లోకీ ఇళ్ళలోకీ పోయింది ఆల్బమ్ మొత్తం. బౌలింగ్ గ్రీన్‌లో ఆ బొద్దుమనిషి ఏం తప్పు చేశాడు? పాట వస్తుందని కాచుకున్నాడు. తనూ మూడేళ్ళుగా చేస్తున్నది అదే.

"ఆమె వెళ్ళి మూడేళ్ళయింది బాబాయ్," అన్నాడు.

"నీకు తెలుసు. నీ చేతికి తెలియదు. ఆమె రాదురా రాయ్సూ." ఓర్విల్ గిటార్ తిరిగి అతని ఒళ్ళో పెట్టాడు. ఒకే మనిషికి రెండుసార్లు గిటార్ ఇవ్వడం అక్కడ ఎవరూ చూడలేదు. మంగలి కనుబొమలెత్తాడు. "ఆగకుండా వాయించు."

వాయించాడు. మొదటి జాగా రాగానే చేయి దానంతటదే ఆగబోయింది. బలవంతంగా ముందుకు తోశాడు. బొటనవేలు జీవితంలో మొదటిసారి తడబడింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఒక వరస ఇంకో వరసను ఆనుకుని వచ్చింది, ఆసరా ఏమీ లేకుండా, ఎవరి జవాబూ అడక్కుండా. ఒంటరి మనిషి తనలో తను గొణుక్కున్నట్టే ఉంది. ప్రతి జాగాలోనూ ఆమెను బయటికి పంపి తలుపు వేస్తున్నట్టు అనిపించి, పన్నెండుసార్లూ ప్రాణం పోయినంత పనైంది. కన్నీళ్ళు కారి గిటార్ మీద పడ్డాయి. తుడుచుకోడానికి చేయి ఖాళీ లేదు. అనుకున్నదానికంటే చాలా ముందే పాట అయిపోయింది, మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఓర్విల్ గిటార్ అందుకున్నాడు. రాయ్స్ నల్లబడిన తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. తల ఎత్తే ధైర్యం లేకపోయింది.

ఓర్విల్ వేరే పాట ఎత్తుకున్నాడు. పాత నాట్యపు పాట, హుషారైనది. దాని తర్వాత గిటార్ మొదటి కుర్చీకి వెళ్ళింది, అక్కడినుంచి రెండో కుర్చీకి వెళ్ళింది. తన వంతు వచ్చినప్పుడు డ్రైవరు ఈసారి తప్పు లేకుండా వాయించాడు. ఎవరో రాయ్స్ చేతికి కాఫీ కప్పు ఇచ్చారు. చల్లారిపోయిన కాఫీ, అయినా తాగాడు.

పన్నెండింటికి అందరూ లేచారు. రాయ్స్ కోటు తొడుక్కుంటుంటే మంగలి హోబర్ట్ దగ్గరకొచ్చాడు.

"వచ్చే గురువారం పదింటికి కాదు, తొమ్మిదిన్నరకే రా."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? కొత్తగా చేరినవాడే కుర్చీలు వెయ్యాలి," అన్నాడు.